బావ వచ్చిన సంవత్సరం

(పదకొండో వారం)

మెషీన్ ఆగి అరగంట దాటింది.

ఎన్నికల రోజుల్లో ఆ ప్రెస్సులో మెషీన్ ఆగడమంటే వీధి మొత్తం చెవులు రిక్కించాల్సిన సంగతే. పక్కనున్న సైకిల్ షాపతను అప్పటికి రెండుసార్లు తొంగిచూశాడు. "కరెంటు పోయిందా అమ్మా?" అని అడిగి, నెత్తి మీద గిరగిరా తిరుగుతున్న ఫ్యాను కనబడగానే నాలిక్కరుచుకుని చల్లగా జారుకున్నాడు.

 ప్రెస్సమ్మ ప్రూఫు కాగితం ముందు పెట్టుకుని బల్ల దగ్గర కదలకుండా కూర్చుంది. ఊళ్ళో అందరూ ఆమెను ప్రెస్సమ్మ అనే అంటారు. తండ్రి పెట్టిన ప్రెస్సును పాతికేళ్ళుగా నడుపుతున్న మనిషి. ప్రూఫులు ఆమె దిద్దుతుంది. మెషీన్ భర్త నడుపుతాడు. అతన్ని అందరూ ఫోర్‌మన్ అంటారు.

ప్రూఫు దిద్దేటప్పుడు అతను అసలు ప్రతిని పైకి చదవాలి, ఆమె అచ్చు చూసుకోవాలి. ఇరవై ఏడేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలకంటే అలా చదువుకున్న మాటలే ఎక్కువ ఉంటాయేమో. ఇందాక కూడా అలాగే చదివాడు. ఆమె తమ్ముడి పార్టీ ఎన్నికల ప్రణాళిక అది. కామాలతో సహా చదివాడు.

"గత నలభై ఐదు సంవత్సరాలలో బయటి నుంచి ఈ నేల మీదికి వచ్చిన వారందరికీ, కామా, ఓటు హక్కు రద్దు చేయబడును, ఫుల్‌స్టాప్."

ఫుల్‌స్టాప్ దాకా చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. లేచి, వేరే పని మీద నడుస్తున్న మెషీన్ ఆపాడు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

అతను ఈ నేల మీదికి వచ్చి నలభై ఒక్క ఏళ్ళు. తల్లి చెయ్యి పట్టుకుని వచ్చాడు, ఏడేళ్ళ వయసులో.

ప్రతి ఎన్నికలకీ ఆ ఇంట్లో ఒక జోకు ఉండేది. ప్రణాళిక రాగానే ఫోర్‌మన్ ముందు ఆ అంకె వెతికేవాడు. పదహారేళ్ళ క్రితం, తమ్ముడు పార్టీ పెట్టిన కొత్తలో, అది ఐదేళ్ళు. తర్వాత పది అయింది. తర్వాత ఇరవై. పోయినసారి ముప్పై. "ఇంకా ఏడేళ్ళ దూరంలో ఉన్నానే. మీ తమ్ముడు పరుగెత్తి నన్ను పట్టుకునేలోపు ముసలాడినైపోతాను" అని పోయినసారి పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తమ్ముడైతే టీ పొలమారేలా నవ్వాడు.

ఈసారి ఎవరూ జోకు వెయ్యలేదు.

బయట కారు తలుపు పడిన చప్పుడైంది. ఇద్దరు కార్యకర్తల్ని గుమ్మం దగ్గరే ఆగమని సైగ చేసి తమ్ముడు లోపలికొచ్చాడు. బయటి జనానికి అతను నాయకుడు. ఈ గుమ్మం దాటితే చిన్నోడు.

"ఏంటక్కా, మెషీన్ ఆగిందట? సాయంత్రం సభ. పదివేల కాపీలు నాలుగింటికల్లా కావాలి నాకు."

"ఆగలేదు. మీ బావ ఆపాడు."

"రోలర్లా మళ్ళీ? మెకానిక్‌ని పంపిస్తానుండు."

ఆమె ప్రూఫు అతని వైపు తోసింది. "మూడో పేరా చదువు."

"నేను రాసిందే కదక్కా."

"రాశావు. చదవలేదు. చదువు."

అతను కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదివాడో, చదువుతున్నట్టు నటించాడో గానీ, చాలాసేపు తల ఎత్తలేదు.

"మీ బావ వచ్చి ఎన్నేళ్ళయింది?"

"నలభై ఒకటి" అన్నాడు ఠక్కున.

 మర్చిపోయాననో, లెక్క చూసుకోలేదనో అంటాడనుకుంది ఆమె. అలా అంటే తిట్టి పోద్దామనుకుంది. అతనికి లెక్క వేసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

"తెలిసే రాశావన్నమాట."

"కూర్చుని మాట్లాడుకుందాం అక్కా."

"నేను కూర్చునే ఉన్నాను."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పదహారేళ్ళ క్రితం ఇదే ప్రెస్సులో, వెనక కాగితాల గదిలో, నలుగురు కుర్రాళ్ళతో పార్టీ పెట్టినప్పుడు కూడా ఇలాగే మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి మాట్లాడేవాడు.

"పెద్ద పార్టీ వాళ్ళు మొదట్లో మనల్ని చూసి నవ్వారు. గుర్తుందా? ఐదేళ్ళన్నందుకు పిచ్చోళ్ళన్నారు. ఎనిమిదేళ్ళు తిరగకుండా ఆ ఐదేళ్ళని తీసుకెళ్ళి వాళ్ళ ప్రణాళికలోనే పెట్టుకున్నారు. మనం ఇరవై అన్నాం. వాళ్ళతో కలిసి ప్రభుత్వంలో కూర్చున్నాం, నోరు కాస్త తగ్గించాం. ఏమైంది? సీట్లు సగానికి పడిపోయాయి. బయటికొచ్చి ముప్పై అన్నాం. కార్మికుల పార్టీ వాళ్ళ నోట్లోంచి ఇంటద్దెలు, ఆస్పత్రులు లాక్కున్నాం. మళ్ళీ లేచాం. ఇప్పుడేమో పెద్ద పార్టీ ముప్పైకి చట్టమే తెస్తానంటోంది. చివరికి కార్మికుల పార్టీ కూడా 'ముందు మనవాళ్ళకే పని' అని పోస్టర్లేస్తోంది. మనం నిలబడిన చోటికల్లా వాళ్ళొచ్చి నిలబడుతున్నారక్కా. మనం ఇంకో అడుగు జరక్కపోతే జనానికి మనమెందుకు?"

"జరుగు. ఎవరొద్దన్నారు? మా ఆయన మీద కాలేసి జరుగుతావా?"

"బావనెవరు ముట్టుకుంటారక్కా? నేనుండగా?"

"నువ్వు రాసింది బావ గురించి కాదా?"

"అది అంకె అక్కా. అంకె అంటే..." అతను మాట కోసం వెతుక్కున్నాడు. "వాళ్ళకీ మనకీ మధ్య తేడా కనబడాలి. అంతే. గెలిచాక మినహాయింపులు వంద పెట్టుకోవచ్చు. అలా వచ్చినవాళ్ళ పిల్లల ఊసు ఎక్కడైనా ఉందేమో చూడు. లేదు. కమిటీలో ఒంటికాలి మీద లేచారు, పిల్లల్ని కూడా కలపాలని. నేను ఒక్కణ్ణే పట్టుబట్టి తీయించాను. ఎవరి కోసం? మన అమ్మడి కోసం కాదా?"

ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. పెళ్ళి చేసుకోకుండా పార్టీనే పట్టుకు వేళ్ళాడిన మనిషి అక్క కూతుర్ని అరచేతుల్లో పెట్టుకుని పెంచాడు. పోయిన వారం వార్డు సీటు కూడా ఆ పిల్లకే ఇచ్చాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. వీడు ప్రేమ లేక చేస్తున్న పని కాదిది.

"ఒరేయ్" అంది మెల్లగా. "నాన్న నన్ను గదిలో పెట్టి తాళం వేసినప్పుడు ఆయన జేబులోంచి తాళంచెవి తెచ్చి నన్ను మీ బావ దగ్గరికి పంపించింది ఎవర్రా?"

"నేనే."

"ఎన్నేళ్ళు నీకప్పుడు?"

"పదహారు." అతను నేల వైపు చూశాడు. "బావ మంచివాడక్కా. అందుకే పంపాను. ఇప్పుడూ మంచివాడే."

"మరి?"

 గుమ్మం బయట కార్యకర్తలు వాచీలు చూసుకుంటున్నారు.

"మెషీన్ వేయించు అక్కా" అన్నాడు చివరికి, లేస్తూ. "మన ప్రెస్సులో రాకపోతే ఇంకో ప్రెస్సులో వస్తుంది. అప్పుడు నలుగురూ అడుగుతారు, నాయకుడి అక్కే ఎందుకు వెయ్యలేదని. జవాబు అమ్మడు చెప్పుకోవాల్సొస్తుంది. నామినేషన్లకు మూడింటితో ఆఖరు. నేను దాన్ని తీసుకెళ్తున్నాను."

అతను వెళ్ళిన తర్వాత కూడా స్టూలు అలాగే అడ్డంగా ఉండిపోయింది. ఆమె దాన్ని జరపలేదు.

మేడ మీద, నీళ్ళ పంపు దగ్గర ఫోర్‌మన్ చేతులు కడుక్కుంటున్నాడు. ఇంకు అంత తేలిగ్గా పోదు. గోళ్ళ సందుల్లో సబ్బు రుద్ది, చిన్న బ్రష్షుతో గీకుతున్నాడు. అరగంట నుంచీ అదే పని అని తడిసిన నేల చెబుతోంది.

"ఏవండీ."

"రెండో పేరాలో ఒక వత్తు పోయింది. చూశావా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"చూడలేదు."

"దిద్దు. మిగతాదంతా తప్పుల్లేకుండా ఉంది."

ఆమెకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. "వాడొచ్చాడు."

"విన్నాను. వాడు నోరు తగ్గించింది ప్రభుత్వంలోనేగానీ మన ఇంట్లో కాదుగా."

"మీరు వచ్చి అడగొచ్చుగా వాణ్ణి."

"ఏమని అడగను?" అతను పంపు కట్టేశాడు. "ఐదేళ్ళప్పుడు అడగలేదు. మన వెనక వీధిలో బట్టలు కుట్టే ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, సామాన్లు కట్టుకుని పోయింది చూడు. అప్పుడు అడగలేదు. ఆవిడ వచ్చి మూడేళ్ళేగా, మనకేంటి అనుకున్నాను. ఇరవై అన్నప్పుడు నాతోపాటు ఫుట్‌బాల్ ఆడినవాడు ఈ ఊరు వదిలి ఎక్కడికో పోయాడు. అప్పుడూ ప్లేటు కట్టి మెషీన్ వేశాను. పైగా నవ్వాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగమంటావు?"

 నవ్వినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

"వాడికి అక్షరాలు పేర్చడం నేర్పింది నేను" అన్నాడు అతను తువ్వాలు అందుకుంటూ. "మీ నాన్న దగ్గర నేను పనిలో చేరిన కొత్తలో పొట్టివాడు, స్టూలెక్కేవాడు. తలకిందులుగా పేర్చిన లైను గడగడా చదివేసేవాడు. ఓటు పోతే పోయిందే. వాడు నా లెక్క అంత కరెక్టుగా చెప్పాడు చూడు, అదీ..."

తువ్వాలు మేకుకి తగిలించాడు.

"మెషీన్ వెయ్యమంటావా?" అన్నాడు.

"నేనెందుకంటాను?"

"అమ్మడు నిలబడింది. దాని భవిష్యత్తు. నువ్వు వెయ్యమంటే వేస్తాను."

"ఆ బరువు నా నెత్తిన పెట్టకండి."

"ఎవరి నెత్తిన పెట్టను మరి?" అని ఆమె కళ్ళలోకి చూశాడు. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

కింద ఎవరో కాలింగ్ బెల్ రెండుసార్లు మర్యాదగా నొక్కారు.

వచ్చింది ప్లీడరు. పెద్ద పార్టీకి ఈ ఊళ్ళో కుడిభుజం. నల్లకోటు మోచేతి మీద వేసుకుని, చెమట తుడుచుకుంటూ, కుర్చీ చూపించకముందే కూర్చునే రకం.

"ఎండలు మండిపోతున్నాయమ్మా. ఓ చిన్న కరపత్రం. ఐదువేలు. రేపు పొద్దున్నకి."

ఆమె కాగితం అందుకుని మొదటి లైను చదివింది. పెద్దక్షరాల్లో ఉంది. 'పరాయివాళ్ళను పొమ్మనే నాయకుడి ఇంట్లోనే పరాయి అల్లుడు! ఆ అల్లుడి కూతురే అభ్యర్థి!'

 ఆమె ఆ కాగితాన్ని మడతపెట్టి బల్ల మీద పెట్టింది.

"దీన్ని నా ప్రెస్సుకే తెచ్చారా?"

"ఇంకెక్కడైనా వేయిస్తే మీకు తెలియకుండా చేసినట్టవుతుంది. అది మర్యాద కాదు కదమ్మా."

"మీ మర్యాదకు దండం. పన్నెండేళ్ళ క్రితం మీరే ఇదే కుర్చీలో కూర్చుని పోస్టరు వేయించారు. 'ఈ నేల అందరిదీ' అని. నాలుగు రంగుల్లో. మా ఆయన ఆ నీలం సరిగ్గా రాలేదని రెండుసార్లు ప్లేటు మార్చాడు, గుర్తుందా?"

"బాగా గుర్తుంది. మంచి పోస్టరు."

"ఇప్పుడు మీరు ఏ పార్టీ?"

ప్లీడరు నొచ్చుకోలేదు. నొచ్చుకోవడం అతని వృత్తిలో లేదు. "పార్టీ అదేనమ్మా. జనం జరిగారు. వెంట మేమూ జరిగాం."

"జనం వాళ్ళంతట వాళ్ళే జరిగారా, ఇటు మీరు, అటు మా వాడు కలిసి తోశారా?"

"ఆ సంగతి తీరిగ్గా ఎన్నికలయ్యాక మాట్లాడుకుందాం." అతను ముందుకి వంగాడు. "నిజానికి ఈ కరపత్రం వెయ్యాలని నాకూ లేదు. ఇంకో దారుంది. సాయంత్రం మా సభకి ఫోర్‌మన్ గారొచ్చి ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు. బావమరిదే నన్ను వెళ్ళగొడుతున్నాడు అని. వింటే జనం కంట నీళ్ళు పెట్టుకుంటారు."

"ఏం మాట్లాడాలో?"

"మేం రాసిస్తాం."

"మాట్లాడిన మర్నాడు మా ఆయన సంగతేంటి? మీరు ముప్పైకి చట్టం తెస్తామంటున్నారు. మా వాడు నలభై ఐదు అన్నాడు గనక ఎల్లుండి మీరు నలభై అంటారు. ఆ పైన?"

ప్లీడరు మళ్ళీ చెమట తుడుచుకున్నాడు. "రేపటి సంగతి నేనెలా చెప్పగలనమ్మా?" అన్నాడు. ఆ రోజంతటిలో ఆమెతో ఎవరైనా కల్మషం లేకుండా అన్న మాట అదొక్కటే అనిపించింది.

"మా ఆయన మీ సభకి రాడు. ఈ కాగితం నా ప్రెస్సులో పడదు. వెళ్ళిరండి."

అతను లేచి కోటు దులుపుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు.

"ఇంకో మాట. నామినేషను ఫారంలో తండ్రి పుట్టిన చోటు రాయాలని పోయినేడు మా ప్రభుత్వం కొత్తగా ఒక గడి పెట్టింది. మీ అమ్మాయి అందులో ఏం రాసిందో కనుక్కోండి. ఫోర్‌మన్ గారి బడి రిజిస్టరు నకలు నా దగ్గరుంది. ఆ గడిలో అబద్ధం రాస్తే పోయేది సీటొక్కటే కాదమ్మా. కేసవుతుంది. చిన్నపిల్ల." కోటు మార్చి ఇంకో మోచేతి మీద వేసుకున్నాడు. "ముందుగా చెప్పానని గుర్తుంచుకోండి."

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆమె కదల్లేదు. తర్వాత ఒక్క ఉదుటున ఫోనందుకుంది.

"అమ్మడూ, ఎక్కడున్నావే?"

"మామయ్య కార్లో అమ్మా. పార్టీ ఆఫీసు నుంచి బయల్దేరాం. ఏంటలా ఆయాసపడుతున్నావు?"

"ఫారంలో మీ నాన్న పుట్టిన చోటు ఏం రాశావు?"

అటు నుంచి ఇంజను చప్పుడే వినబడింది.

"నిన్నే అడిగేది."

"ఈ ఊరే అని." గొంతు సన్నబడింది. "మామయ్య అలా రాస్తే చాలన్నాడు. ఎవరూ చూడరట."

"నువ్వేమన్నావు?"

"అమ్మా, నేను నిలబడింది ఆస్పత్రి కోసం. మన వీధి మురుగు కోసం. ఇళ్ళ అద్దెల కోసం. ఆ అంకెల గొడవ పాతది, ఎప్పుడూ ఉండేదే, ఇప్పుడెవరూ పట్టించుకోరు అనుకున్నాను. నాన్న కూడా నవ్వేవాడు కదా!"

"మూడో పేరా చదివావా?"

"...పొద్దున చూశాను."

"చూసి?"

 తమ్ముడి గొంతు దూరంగా వినిపించింది. "ఫోనిలా ఇవ్వు అమ్మడూ." లైను తెగిపోయింది.

ఆమె మెట్లు రెండేసి ఎక్కింది. పంపు దగ్గర ఎవరూ లేరు. గదిలో లేరు. వెనక వైపు మెట్ల తలుపు బార్లా తెరిచి ఉంది. ప్రెస్సు గదిలో మాటలు ఆ మెట్ల మీద స్పష్టంగా వినబడతాయని ఆమెకు అప్పుడు తోచింది.

ఎన్నికల కార్యాలయం మూడు వీధుల అవతల. ప్రెస్సమ్మ చేరేసరికి రెండూ నలభై అయింది. ఆఖరి రోజు కావడంతో వరండా నిండా దండలు, చెమట, గుంపులు. ఆమెను ఆపబోయిన కానిస్టేబుల్‌తో "అభ్యర్థి తల్లిని" అని చెప్పి లోపలికి నడిచింది.

పొడవాటి గది. గోడకు పెద్ద గడియారం. బల్ల అవతల ఎన్నికల అధికారిణి. యాభై ఏళ్ళ మనిషి, ముక్కు మీద కళ్ళజోడు, పక్కన స్టాంపు ప్యాడు. బల్ల ఇవతల అమ్మడు, పక్కన మామయ్య. ఫారాలు అప్పటికే అధికారిణి చేతిలో ఉన్నాయి. ఒక్కొక్క గడి మీదా వేలు పెట్టి చూస్తోంది.

కూతురు వెనక్కి తిరిగి తల్లిని చూసింది. 

"అక్కా, ఇప్పుడేం మాట్లాడకు" అన్నాడు తమ్ముడు పెదాలు కదపకుండా.

"ప్లీడరు దగ్గర బడి రిజిస్టరుంది."

 అతనికి తేరుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. "ఉంటే ఉండనీ. రిజిస్టర్లలో తప్పులుండవా? కోర్టుకెళ్ళేసరికి ఎన్నికలైపోతాయి."

"కేసు దాని మీద పడుతుందిరా. నీ మీద కాదు."

"నేను చూసుకుంటానక్కా! ఇన్నాళ్ళూ చూసుకోలేదా?"

"నిశ్శబ్దం" అంది అధికారిణి తల ఎత్తకుండా. "విద్యార్హత... సరే. నివాసం... సరే. ఇక్కడ తండ్రి పుట్టిన చోటు..."

ఆమె వేలు ఆ గడి మీద ఆగిన క్షణంలోనే తలుపు దగ్గర కలకలం రేగింది. కానిస్టేబుల్ ఎవరినో అడ్డుకుంటున్నాడు. "ఎక్కడికయ్యా? అభ్యర్థులు తప్ప ఎవరూ రాకూడదు."

"ఒక్క నిమిషం. లోపల మా వాళ్ళున్నారు."

ఆ గొంతు వినగానే ప్రెస్సమ్మ వెనక్కి తిరిగింది.

ఫోర్‌మన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పని బట్టల్లోనే వచ్చాడు. చొక్కా ముందంతా మరకలు. చేతులు మాత్రం తెల్లగా, మరీ తెల్లగా ఉన్నాయి. గదిలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు. మూల బెంచీ మీద, పై ఊరి నుంచి వచ్చిన ఇద్దరు పత్రికల వాళ్ళు కూడా నోటుబుక్కులు మూయబోయి ఆగారు.

అధికారిణి కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఎవరీయన?"

ఆమె వేలు ఇంకా ఆ గడి మీదే ఉంది. 

ప్రెస్సమ్మ నోరు తెరిచింది. ఆమెకంటే ముందే తమ్ముడు మాట్లాడాడు. సభల్లో మాట్లాడే ఆ నిబ్బరమైన గొంతుతోనే.

"మా ప్రెస్సులో పనిచేసే మనిషండీ."

ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను ఎవరి వైపూ చూడటంలేదు. మెడ మీద ఒక నరం మాత్రం టకటకా కొట్టుకుంటోంది. ఆ మాట అనడానికి వాడికి ఎంత ఖర్చయిందో ఆమెకు కనబడింది. కనబడినా క్షమించాలనిపించలేదు.

ఆమె బల్ల వైపు అడుగు వేసింది. "మేడమ్..."

ఫోర్‌మన్ ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు. చాలా కొద్దిగా. ప్రూఫులో ఒక మాట వదిలెయ్యమన్నప్పుడు ఊపేంత కొద్దిగా.

"నిజమేనా?" అని అడిగింది అధికారిణి అతన్నే.

అతను కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల చేతిలో పెన్ను, కొత్త చీర, బొట్టు. పొద్దున్నుంచీ ఆమెను అతను చూడటం అదే మొదటిసారి. అతని ముఖంలో ఏదో మెత్తబడింది.

"నిజమేనండీ" అన్నాడు. "ప్రెస్సులో మనిషినే. కాపీలు ఎన్ని కావాలో అడుగుదామని వచ్చాను."

"అది బయట అడగాలి. కానిస్టేబుల్!"

కానిస్టేబుల్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతను విదిలించుకోలేదు. తనే వెనక్కి తిరిగాడు. పత్రికల వాళ్ళు నోటుబుక్కులు మూశారు. తమ్ముడు పైకి వినబడేలా ఊపిరి వదిలాడు.

అధికారిణి స్టాంపు అందుకుంది. గడియారం చూసింది. రెండూ యాభై మూడు.

"మేడమ్" అంది అమ్మడు.

గొంతు పెద్దది కాదు. కానీ గుమ్మం దాటబోతున్న మనిషి ఆగిపోయాడు.

"అమ్మడూ" అన్నాడు మామయ్య హెచ్చరికగా.

ఆ పిల్ల అతని వైపు తిరగలేదు. తల్లి వైపు కూడా తిరగలేదు. స్టాంపు కిందికి దిగకుండా ఫారం మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. 

"ఆ కాగితం ఒక్కసారి ఇలా ఇవ్వండి."

"దిద్దాలా? దిద్దుబాటైతే పక్కన సంతకం పెట్టాలి. ఉపసంహరణైతే వేరే ఫారం." అధికారిణి విసుగ్గా చూసింది. "ఏది కావాలి? ఏడు నిమిషాలే ఉంది."

అమ్మడు ఫారం తన వైపు లాక్కుంది. పెన్ను మూత తీసి, తండ్రి పుట్టిన చోటు గడి మీద మొన పెట్టింది.